అరకులోయ వాకిట మోటారుకారు

శృంగవరపుకోట దాటినది మొదలు దారి కొండ నెక్కుచు, మలుపు మలుపునకును గాలి చల్లబడుచుండును. విశాఖపట్టణమునుండి అరకులోయ సుమారు 115 కిలోమీటర్లు. అందు ఘాటురోడ్డు భాగమే కన్నులపండువు. అనంతగిరి ప్రాంతమున సిల్వరోకు చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లను పెనవేసికొని మిరియపు తీగెలు. వలిసెలు పూచు కాలమున వచ్చినవారికి పొలములన్నియు పసుపు పూసినట్లు కనబడును. ఈ సొగసును గూర్చి పలువురు వ్రాసియున్నారు. మేము చెప్పబూనినది వేఱొకటి: ఆ లోయలో మా పినతల్లిగారి వాకిట రెండు గంటలసేపు జరిగిన కారు పరీక్ష.

ఘాటు ఎక్కునపుడు కారు బాగుగనే నడచెను. ఇల్లు చేరిన పిదప, గేరు వేయక నిలిపియుంచిన ఇంజను ఒకమాఱు హోరుమని లేచి, మఱుక్షణము ఆఱిపోవునట్లు క్రుంగుచు, ఆయాసపడు మనిషివలె ఊపిరి తీయజొచ్చెను. ఐడ్లింగు చెడుట యని మెకానిక్కులు దీనినే యందురు. వేడెక్కిన పెట్రోలు ఇంజను నిలుకడమీద నిమిషమునకు 700 మొదలు 900 చుట్లు తిరుగుట సాధారణము. మా కారు ముల్లు 600కును 1500కును నడుమ ఊగులాడుచుండెను.

"ఇది కొండగాలి దోషమే, అక్కా" యని మా పినతల్లి కొమారుడు తేల్చివేసెను. 900 మీటర్ల యెత్తున గాలి పదియవవంతు పలుచనగుట నిజమే. కార్బురేటరు గల పాతబండ్లకు అది చిక్కే. ఇప్పటి బండ్లలో గాలిని కొలిచి దానికి దగిన పెట్రోలు పోయు నేర్పాటున్నది గనుక, పలుచని గాలి మాత్రమే ఇట్టి ఊగులాట తేజాలదు.

ఆరుబయట బండి నిలిపి, చేతిబ్రేకు లాగి, చక్రములకు రాళ్లు పెట్టితిమి. మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. పొగలోని విషవాయువునకు వాసనయే లేదు. ఫ్యాను చెంతకు వంగునపుడు పైటకొంగు నడుమున దోపి, జడ ముడివేసికొనవలెను.

ఏసీ ఆపినను ఊగులాట తగ్గలేదు. ఎయిరుఫిల్టరు తీసి ఎఱ్ఱదుమ్ము దులిపినను లాభము లేకపోయెను. బ్యాటరీ బిగింపులు గట్టిగనే యున్నవి. స్పార్కుప్లగ్గు చెడినయెడల బండి దడదడ వణకునుగాని ఇట్లు లేచి పడదు. లెక్కకు రాని గాలి యెక్కడనో దొంగతనముగ జొరబడుచున్నదని మావారనిరి.

ఇచ్చట ఇల్లాండ్ర విద్యయే పనికివచ్చినది. వంటగ్యాసు గొట్టమునకు సబ్బునురుగు రాచి లీకు కనుగొందుము గదా! అచ్చట బుడగలు లేచును. ఇచ్చట ఇంజను లోనికి పీల్చుకొనును గనుక నురుగు మాయమై, ఆ క్షణమున చప్పుడు మాఱును. కొందఱు మండెడు ద్రవములు చల్లి చూతురు. వేడి ఇంజనుమీద అది నిప్పుతో చెలగాటమే. మొక్కలకు నీరుపెట్టు గొట్టపుముక్క యొకకొన చెవి కానించి, రెండవకొన ఇంజను గొట్టముల వెంట త్రిప్పగా, బ్రేకువైపు పోవు లావుపాటి రబ్బరుగొట్టముకడ పాము బుసకొట్టినట్లు వినవచ్చెను. సబ్బునీరు పోయగా చప్పుడు మాఱినదియు నచ్చటనే. గుడ్డచుట్టి కటింగుప్లేయరుతో ఆ గొట్టమును మొదటికడ నొక్కిపట్టగనే ముల్లు 800కడ నిలిచెను.

మాకు ఒడలు జల్లుమన్నది. ఇంజను పీల్చు ఆ శక్తియే బ్రేకు బూస్టరునకు బలము. అది తప్పినచో బ్రేకు బొత్తిగా పోదుగాని, పెడలు రాయివలె గట్టిపడి కాలిబల మంతయు పెట్టవలసివచ్చును. ఎక్కునపుడు బ్రేకుతో పని తక్కువ. దిగవలసినదో, పిల్లలతో, ఆ మలుపులలోనే! "మెల్లగా దిగిపోవచ్చులే బావా" యని తమ్ముడనెను. "గొట్టం మార్చేదాకా ఆ బండిని వాకిలి దాటనివ్వనురా" యని మా పినతల్లి తాళపుచెవి తీసి బొడ్డున దోపుకొన్నది. మాకు ఆమె మాటయే సరిగా తోచినది.

మఱునాడు బజారులోని మెకానిక్కు వచ్చి గొట్టము మార్చెను. పాతదానిని వంచి చూపగా, కంటి కానని అడుగుప్రక్కన వ్రేలెడు చీలిక! పిదప ఇంజను ఆపి, బ్రేకును నాలుగైదు మాఱులు తొక్కి గట్టిపడనిచ్చి, పాదము నట్లేయుంచి ఇంజను స్టార్టుచేసెను. పెడలు కొంచెము క్రిందికి దిగినది. బూస్టరు పనిచేయుచున్నదనుటకు అదియే గుఱుతట.

మంచు విడిచినపిమ్మట బయలుదేరితిమి. అనంతగిరికడ మిరియములు కొన నాగినపుడు మావారు కావలెననియే ఇంజను ఆపలేదు. బేరమాడినంతసేపును ముల్లు 800 మీదనే యుండెను.