పేరంటపు పిలుపు

ఒకే పంక్తిని భుజించువారిలో సైతము అభిప్రాయములు రెండుగా చీలుట గత మాఘమాసమున మా యింటనే చూచితిమి. మా అమ్మాయి పెండ్లికి కుంకుమ భరిణె చేతబట్టి పేరంటపు పిలుపులకు బయలుదేరుచుండగా, మాతోనే యుండు మా వారి మేనత్తగారికి బొట్టుపెట్టి పిలువవలెనా యను ప్రశ్న పుట్టెను. ఆమె భర్త గతించి పదునాలుగేండ్లయినది. పెండ్లికూతురును ఎత్తి పెంచినది ఆమెయే.

"శుభకార్యమున ఆచారము తప్పరాదు" అని పెద్దలు, "పెంచిన చేతులకంటె శుభమేమున్నది?" అని పిన్నలు. మేమో, ఎవరిని నొప్పింపజాలక మౌనము వహించితిమి. ఆ మౌనము నర్థము చేసికొని ఆమె తానే వంటయింటిలోనికి తప్పుకొనెను.

ఈ వివాదము మన గోదావరి తీరమునకు క్రొత్తది కాదు. 1856లోనే శాసనము వితంతు వివాహము నంగీకరించినను, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించినపుడు ఊరు రెండు పక్షములాయెను. వెలికి వెరచి వంటవారును నీళ్లు మోయువారును రాకపోగా, వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి నీరు తెచ్చి స్వయముగా వండిరి. ఆమె మౌనముగా నుండి యూరకుండలేదు; బిందె యెత్తుకొనిరి.

శాసనము పెండ్లికి త్రోవ చూపెనుగాని, కుంకుమ భరిణె నేటికిని మన చేతిలోనే యున్నది.

మరునాడు వంటయింటిలోనికే పోయి ఆమెకు బొట్టుపెట్టి పిలిచితిమి. కొందరు ముఖము త్రిప్పుకొనిరి. ఆమె మాత్రము "ఇన్నాళ్లకా, అమ్మాయీ?" అనెను. దానికి మా యొద్ద బదులు లేకపోయెను.