తప్పు పద్దు

మండపేట అంటే ధాన్యం మిల్లుల ఊరు. అందులో ఒక మిల్లులో ముప్ఫయ్యేళ్ళు గుమాస్తాగా పద్దులు వ్రాశాను. కాటా దగ్గర తూకం తేడా వచ్చినా, చిట్టాలోని పద్దు ఆవర్జాలోకి ఎక్కకపోయినా ఆ రాత్రి నిద్ర పట్టని స్వభావం నాది. అలాంటివాడి ఒంట్లోనే ఒక తప్పు పద్దు పడిందనీ, అది లక్షల కొద్దీ నకళ్ళు తీసుకుంటూ పోతోందనీ 2018లో తెలిసింది.

మొదట ఎడమ డొక్కలో బరువుగా ఉండేది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. “వాయువండీ, కాస్త వాము నమలండి” అంది మా ఆవిడ. నమిలాను. వాము అయిపోయింది గాని బరువు తగ్గలేదు. చివరికి రక్తపరీక్ష చేయించుకున్నాను. తెల్లకణాలు మామూలుగా 11,000 దాటకూడదట. నాకు 1,80,000 ఉన్నాయి. పరీక్ష చేసిన కుర్రాడు తన మిషనుకే ఏదో వచ్చిందనుకుని మళ్ళీ రక్తం తీశాడు. అంకె మారలేదు.

రాజమండ్రి డాక్టరుగారు కడుపు నొక్కి చూసి, “బల్ల పెరిగిందండీ” అన్నారు. మన పెద్దవాళ్ళు బల్ల అనేది ఈ ప్లీహం వాపునే. నమూనా హైదరాబాదు పంపించారు. కొన్నాళ్ళకు కాగితం వచ్చింది. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా, అంటే రక్తపు క్యాన్సరు. దాని క్రింద ఇంకో పంక్తి: ఫిలడెల్ఫియా క్రోమోజోము ఉన్నది.

సరిగ్గా అప్పుడే మా అమ్మాయికి రామచంద్రపురం సంబంధం ఒకటి కుదిరింది. జాతకాలు చూడడం అయింది. తాంబూలాలు పుచ్చుకోవడమే తరువాయి.

మా బావమరిది ఆ కాగితం చదివి, ముందు వీధి తలుపు గడియ వేశాడు. “బావగారూ, జబ్బు మాట ఎలాగో సర్దుకోవచ్చు. ఈ క్రోమోజోము మాట మాత్రం బయటికి పొక్కకూడదు. క్రోమోజోములంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చేవని పదో క్లాసు చదివిన ప్రతివాడికీ తెలుసు. మాత్రలు ఏ విటమిన్ల సీసాలోనో పోసుకోండి. మూడు ముళ్ళూ పడేదాకా నోరు మెదపకండి” అన్నాడు.

మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ రాత్రి అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు నా మంచం ప్రక్కన పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

“నాన్నా, నాకూ వస్తుందా?”

నా దగ్గర జవాబు లేదు. పెళ్ళివారి సంగతి తరువాత, ముందు ఈ పిల్లకు జవాబు చెప్పాలనిపించింది. మర్నాడు మొదటి బస్సుకే రాజమండ్రి వెళ్ళాను.

డాక్టరుగారు ఓపికమంతులు. నేను గుమాస్తానని తెలుసు గనక నా భాషలోనే చెప్పారు.

“ఒంట్లో కణం కణానికీ 46 పుస్తకాలున్నాయనుకోండి. జతలు కడితే 23. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు, ఈ జబ్బున్నవారి తెల్లకణాల్లో ఒక పుస్తకం మరీ పొట్టిగా ఉండడం చూశారు. దానికి ఆ ఊరి పేరే నిలిచింది. మరి తక్కిన కాగితాలు ఏమైనట్టు? 1973లో చికాగోలో జానెట్ రౌలీ అనే ఆవిడ తేల్చింది. క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్లమీద పరిచి జత చేస్తూ కూర్చునేది. అమ్మ కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు వేళాకోళం చేసేవారట. ఆవిడ కనిపెట్టిందేమిటంటే, కాగితాలు ఎక్కడికీ పోలేదు. 9వ పుస్తకంలోవి కొన్ని 22వ దానిలోకి, దానిలోవి దీనిలోకి మారి బైండయిపోయాయి. ఆ అతుకు పడినచోట లేనిపోని హుకుం ఒకటి తయారయింది: పెరుగు, పెరుగుతూనే ఉండు అని. ఎముకల మూలుగలో ఒక్క కణానికి ఈ తప్పు పడితే చాలు, దాని సంతతి అంతా ఆ హుకుమే పాటిస్తుంది.”

“ఇది మా నాన్నగారి దగ్గర్నుంచి వచ్చిందాండీ? మా అమ్మాయికి పోతుందా?”

“రెండూ కాదు. మీరు పుట్టిననాడు మీ పుస్తకాలన్నీ సరిగానే ఉన్నాయి. ఈ తప్పు తరువాతెప్పుడో మీ మూలుగలో పడింది. 1945లో హిరోషిమా బాంబుకు బతికి బయటపడ్డవారిలో ఈ జబ్బు ఎక్కువైంది. అలాంటి కిరణాల వల్ల రావచ్చు. చాలామందికి మాత్రం ఏ కారణమూ కనబడదు. అచ్చంగా ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి జబ్బుంటే, రెండవవారిలో ఈ పొట్టి క్రోమోజోము కనబడలేదు. పుట్టుకతోనే ఒళ్ళంతా ఉండే క్రోమోజోము దోషాలు వేరే ఉన్నాయి. ఇది ఆ కోవలోది కాదు. ఇది మీ రక్తంలో తప్పు గాని, మీ వంశంలో తప్పు కాదు.”

ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా ఆ మాట అమ్మాయికి చెప్పాను. “సరే నాన్నా” అని లోపలికి పోయింది. కాసేపటికి వంటింట్లోంచి తల్లీకూతుళ్ళ మాటలు వినిపించాయి. అన్నాళ్ళ తరువాత ఆ ఇంట్లో అవే మొదటి మాటలు.

ఇక మందు సంగతి. ఆ తప్పుడు హుకుం నోరు నొక్కే ఇమాటినిబ్ అనే మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన దేశంలో నోవార్టిస్ అనే విదేశీ కంపెనీ మాత్రలకు నెలకు సుమారు 1,20,000 రూపాయలయ్యేది. మన హైదరాబాదు నాట్కో కంపెనీ అదే మందును 2003లో వీనాట్ అనే పేరుతో తెచ్చింది. దేశవాళీ మాత్రలకు నెలకు పదివేల లోపే. పేటెంటు తగాదా సుప్రీంకోర్టుకెక్కి, 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ వాదన వీగిపోయింది. ఆనాడు ఆ వార్త మిల్లులో కూర్చుని చదివి, పేజీ త్రిప్పేసినవాణ్ణి నేను. అయిదేళ్ళు తిరిగాక, పిల్ల పెళ్ళికి దాచిన డబ్బు పెళ్ళికే మిగిలిందంటే అది ఆ తీర్పు చలవే.

ఆదివారం నాడు కాగితం జేబులో పెట్టుకుని రామచంద్రపురం వెళ్ళాను. బావమరిది రానన్నాడు. పెళ్ళికొడుకు తండ్రి మర్యాదగానే విన్నారు. కాఫీ ఇప్పించారు. “ఇంట్లో ఆడవాళ్ళతో ఒకమాట అనుకుని కబురు చేస్తామండీ” అన్నారు. మూడు వారాలకు మధ్యవర్తి వచ్చి జాతకాలు కుదరలేదని చెప్పాడు. కుదిరాయని చెప్పినవాడూ అతనే!

ఆ రాత్రి మా ఆవిడ మొదటిసారి నోరు విప్పింది. “పోనీలెండి. దాచి చేసి ఉంటే, అది పుట్టింటికి వచ్చినప్పుడల్లా మీ మాత్రల సీసా చూసి బెదురుతూ కాపురం చేసేది.”

మరుసటి సంవత్సరం తణుకు నుంచి ఇంకో సంబంధం వచ్చింది. ఈసారి ఫలహారాలు రాకముందే కాగితం వాళ్ళ ముందు పెట్టి, పుస్తకాల కథంతా చెప్పాను. పెళ్ళికొడుకు తల్లి చివరిదాకా విని, ఒక్కటే అడిగింది:

“మాత్ర వేళ తప్పకుండా వేసుకుంటున్నారా అన్నయ్యగారూ?”

వేసుకుంటున్నాను. రోజూ రాత్రి భోజనం కాగానే ఒక మాత్ర, పెద్ద గ్లాసుడు నీళ్ళు. ప్రొద్దున్నే కళ్ళక్రింద ఉబ్బుతుంది, రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తాయి. అయినా ఆ అతుకు రక్తంలో ఎంత మిగిలిందో కొలిచే పరీక్షలో ఇప్పుడు వెతికినా దొరకడం లేదు. డాక్టరుగారు చెప్పేదాకా మాత్ర మానేది మాత్రం లేదు.

మా బావమరిది మనవరాలి బారసాలకు తణుకు వచ్చాడు. ఎవరో ముసలాయన నన్ను చూపించి, ఆ జబ్బు వంశంలో ఉందా అని చెవిలో అడిగాడట. మావాడు గొంతు పెంచి, పదిమందీ వినేటట్టు, 46 పుస్తకాల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.