ఎర్రగా ఉంది, కనబడట్లేదా?

నా టెర్మినల్లో రంగులుండవు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు, అంతే. కంపైలరు తిట్టినా తెల్లగానే తిడుతుంది, మెచ్చుకున్నా తెల్లగానే మెచ్చుకుంటుంది. (కంపైలరు మెచ్చుకోవడమేంటి అంటారా? ఏమీ అనకుండా ఊరుకోవడమే దాని మెచ్చుకోలు. అచ్చం మా నాన్నలాగే.)

పక్క సీట్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు రెండో రోజుకల్లా అడిగేస్తారు. "ఏంటి బాసూ, తాతల కాలం నాటి సెటప్పు? మంచి థీమ్ ఉంది, పంపించనా?" అని. ఇదేదో స్టైలు కోసం అనుకుంటారు, విమ్ వాడేవాళ్ళకి ఉండే రకం పొగరు అనుకుంటారు. పొగరు కొంచెం ఉన్నమాట నిజమే గానీ, కారణం అది కాదు. నాకు ఎరుపూ ఆకుపచ్చా సరిగ్గా కనబడవు.

ఇలా చెప్పగానే ఎదుటివాళ్ళు చేసే మొదటి పని, తమ చొక్కా పట్టుకుని "అయితే ఇదేం రంగు?" అని అడగడం. ఇప్పటివరకు ఒక్కరు కూడా ఈ ప్రశ్న వెయ్యకుండా వదల్లేదు. అయ్యా, నాకు లోకం పాత నలుపు-తెలుపు సినిమాలా ఏమీ కనబడదు. ఆకాశం నీలంగానే ఉంటుంది, పసుపు పసుపుగానే ఉంటుంది. ఎరుపు దగ్గరే పేచీ. ఎర్రటి వస్తువు మీకు కనిపించినంత వెలుగుగా నాకు కనబడదు, మసకేసినట్టు ఉంటుంది. ఇది సాధారణంగా తల్లి వైపు నుంచి వస్తుంది, ఎక్స్ క్రోమోజోము వ్యవహారం. మా తాతయ్య (అమ్మ వాళ్ళ నాన్న) పెరట్లో పండు మిరపకాయలు కొయ్యమంటే ఎప్పుడూ అమ్మమ్మనే పంపేవారట. బద్ధకం అనుకున్నారు అందరూ. ఆ రోజుల్లో ఆయనకి చుక్కల పుస్తకం చూపించినవాళ్ళెవరు?

నాకు చూపించారు. నేను రైల్వేలో చేరాలని మా నాన్న కోరిక. ఇంటర్లో ఉండగా కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఇషిహారా అనే జపాను డాక్టరు 1917లో తయారుచేసిన పరీక్ష పెట్టారు. రంగురంగుల చుక్కల్లో అంకెలు దాగుంటాయి. అందరూ 74 అని చదివే పేజీలో నేను 21 అని చదివాను. ఇంకో అంకె కనబడుతుందని తెలిశాక చాలాసేపు ఆ పేజీ వంకే చూశాను, రాలేదు. సిగ్నలు చూసి బండి నడిపేవాళ్ళకి ఆ పరీక్ష ఉండాల్సిందే, దాని మీద నాకే కంప్లయింటూ లేదు. ఇంటికొచ్చాక మా మావయ్య ఓదార్చారు. "పోనీలేరా, సాఫ్ట్‌వేరులో చేరు. కంప్యూటరుకి రంగులతో పనేముంది?" అని.

ఆ మాట కాలేజీలో ఉన్నంతకాలం నిజమే అనిపించింది. ల్యాబులో టర్బో సీ ఉండేది. నీలం తెర మీద పసుపు అక్షరాలు. అందరూ దాన్ని తిట్టుకునేవాళ్ళు, నేను మాత్రం హాయిగా ఉన్నాను. ఎందుకో తర్వాత అర్థమైంది, నీలం-పసుపు అనేది మాలాంటివాళ్ళకి శుభ్రంగా తేడా తెలిసే జంట.

ఉద్యోగంలో చేరాక లినక్సు వచ్చింది, నల్లటి తెర మీద ఎర్రటి ఎర్రర్లు వచ్చాయి. మిగతావన్నీ తెల్లగా మెరుస్తుంటాయి, చూడాల్సిన ఒక్క మాట మాత్రం మాడిపోయినట్టు వెనక్కి పోతుంది. తప్పు ఎక్కడుందో గట్టిగా చూపించాలని పెట్టిన రంగు, నా దగ్గరికొచ్చేసరికి ఆ తప్పునే దాచిపెడుతుంది. ఒకసారి మీటింగులో నా తెర షేర్ చేసి ఉండగా, "అదుగో, ఎర్రగా ఉంది, కనబడట్లేదా?" అన్నారొకరు. పదిమంది వింటున్నారు. ఎర్రగా ఉండబట్టే కనబడట్లేదండీ అని నోటిదాకా వచ్చింది. "ఆ, ఆ, చూశాను" అనేసి కిందికీ పైకీ స్క్రోల్ చేశాను. మొదటి ఏడాదిన్నర ఎవరికీ చెప్పలేదు. ప్రొబేషన్లో ఉన్నవాడు "నాకు మీ ఎర్రర్లు కనబడవు" అంటే మేనేజరు దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడో ఊహించండి.

సరే, నా గోడు పక్కనపెట్టి అసలీ రంగులెలా వస్తాయో చూద్దాం, అందులోనే ఉంది కిటుకంతా. ప్రోగ్రాము ప్రింటు చేసే అక్షరాల మధ్యలోనే 27వ నంబరు అక్షరం, అంటే ఎస్కేప్, ఒకటి దూరుస్తుంది. దాని వెనక చదరపు బ్రాకెట్టు, ఒక అంకె, చివర ఎమ్ అనే అక్షరం. 31 అంటే ఎరుపు, 32 ఆకుపచ్చ, 33 పసుపు, 34 నీలం, 0 అంటే మళ్ళీ మామూలుగా. ఇలాంటి కోడ్ల ప్రమాణం ఎక్మా-48 పేరుతో మొదటిసారి 1976లో వచ్చింది. వాటికి పేరు తెచ్చిపెట్టింది 1978 నాటి డెక్ కంపెనీ వీటీ100 టెర్మినలు. తమాషా ఏంటంటే ఆ వీటీ100కి రంగులే లేవు.

గమనించారా, ఆ 31 అనేది "ఎరుపు" అంటుందే తప్ప ఏ ఎరుపో చెప్పదు. అది టెర్మినలు ఇష్టం. వెనక తెర నలుపో తెలుపో కూడా ప్రోగ్రాముకి మామూలుగా తెలీదు. అందుకే తెల్ల తెర వాడేవాళ్ళకి పసుపు వార్నింగులు మాయమవుతాయి, నల్ల తెర మీద డైరెక్టరీల పేర్లు ముదురు నీలంలో మునిగిపోతాయి. 2011లో వచ్చిన సోలరైజ్డ్ థీమ్ ఉంది కదా, దాని డార్క్ రకంలో "వెలుగు నలుపు" అనే రంగూ వెనక తెర రంగూ ఒక్కటే. ఏ ప్రోగ్రామైనా ఆ రంగులో మాట్లాడితే వినేవాడుండడు! దీనికి కళ్ళలో లోపం కూడా అక్కర్లేదు.

మర్యాద తెలిసిన ప్రోగ్రాము రంగు వేసేముందు ఒక ప్రశ్న అడుగుతుంది, అవతలి కొసన ఉన్నది టెర్మినలేనా అని. దానికి ఈజ్ ఏ టీటీవై అనే ఫంక్షను ఉంది. టెర్మినలైతే రంగు, ఫైలో పైపో అయితే వట్టి అక్షరాలు. జీసీసీ 2014లో 4.9 వెర్షనుతో రంగులు నేర్చుకుంది. దాని డయాగ్నోస్టిక్స్ కలర్ ఆప్షనుకి మూడు విలువలు: ఆల్వేస్, నెవర్, ఆటో. ఆటో అంటే ఈ ప్రశ్న అడగడం. నెవర్ నాలాంటివాడి కోసం. ఆల్వేస్ మాత్రం, నా ఉద్దేశంలో, సగం గొడవలకి మూలం.

మా దగ్గర జరిగింది చెప్తాను. ఒక సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ, రోజూ రాత్రి బిల్డు అవుతుంది. మేక్ అవుట్‌పుట్టు టీ అనే కమాండు గుండా లాగు ఫైలులోకి పోతుంది. ఎప్పుడో మానేసి వెళ్ళిపోయిన మహానుభావుడెవరో రాసిన స్క్రిప్టొకటి ఆ లాగు చదివి, "కోలన్, స్పేసు, ఎర్రర్, కోలన్" అన్న వరుస ఎన్నిసార్లుందో లెక్కపెట్టి, సున్నా అయితే "పాస్" అని మెయిలు పంపుతుంది. వట్టి ఎర్రర్ అన్న మాట వెతికితే ఎర్రర్ హ్యాండ్లర్ లాంటి ఫైలు పేర్లు కూడా లెక్కలోకొచ్చేస్తాయని ఆయన అంత పకడ్బందీగా రాసుంటాడు. పైపు గుండా పోతోంది కాబట్టి రంగులు రావు. ఇది ఒకాయనకి నచ్చలేదు. మేక్‌ఫైలులో ఆల్వేస్ అని పెట్టేశాడు. లాగు కళకళలాడింది.

ఇక్కడ జీసీసీ చేసేదేంటంటే, ఫైలు పేరూ లైను నంబరూ బోల్డులో రాసి, ఆ కోడు మూసి, ఒక స్పేసు, మళ్ళీ ఎర్రర్ అనే మాటకి ఎరుపు కోడు తెరుస్తుంది. అంటే కోలన్‌కీ స్పేసుకీ మధ్య ఒక కోడు, స్పేసుకీ ఎర్రర్‌కీ మధ్య ఇంకో కోడు వచ్చి కూర్చున్నాయి. స్క్రిప్టు వెతికే వరుస తెగిపోయింది. ఎన్ని ఎర్రర్లున్నా లెక్క సున్నాయే. పోనీ మేక్ ఫెయిలైనట్టు ఎగ్జిట్ కోడైనా చెప్పాలి కదా అంటే, పైపులో ఆఖరి కమాండు టీ, దానికి ఏ లోటూ లేదు, అది సక్సెస్ అనే చెబుతుంది. పైప్‌ఫెయిల్ పెట్టుకోకపోతే అంతే సంగతులు. ఒక రాత్రి ఓ ఫైలు కంపైలు కాలేదు, మెయిలు మాత్రం పాస్ అనే వచ్చింది. ముందురోజు లైబ్రరీయే ప్యాకేజీలోకెక్కి కస్టమరు దగ్గరికి పోయింది. మీరు సరిచేశామన్న బగ్గు అలాగే ఉంది కదా అని వాళ్ళు. సరిచేశామండీ అని మేము. రెండు రోజులు ఇదే పాట.

లాగు అందరూ చూశారు. క్యాట్‌తో చూశారు, లెస్‌కి పెద్ద ఆర్ ఆప్షను పెట్టుకుని చూశారు. వాళ్ళకి చక్కగా రంగులే కనిపించాయి, కోడ్లని టెర్మినలు మింగేసింది. నాకు ఆ ఆప్షను పెట్టుకునే అలవాటు లేదు, రంగులతో నాకేం పని? లెస్ నాకు ఆ కోడ్లన్నీ ఉన్నవి ఉన్నట్టు, ఎస్కేప్‌తో సహా, అక్షరాల్లా చూపించింది. ఎర్రర్ అన్న మాట పక్కన 01, 31 అని చెత్త. ఓహో అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే మా టీములో అందరికీ నా కళ్ళ సంగతి చెప్పేశాను, ఎలా కనిపెట్టావని అడిగితే ఇంకేం చెప్పను? ఇద్దరు తమ చొక్కాలు పట్టుకున్నారు.

ఇది మా ఒక్కళ్ళ కథ కాదు. ఒకప్పుడు చాలామంది గ్రెప్ ఆప్షన్స్ అనే వేరియబులులో కలర్ ఆల్వేస్ అని పెట్టుకునేవాళ్ళు. దాంతో గ్రెప్ వాడే ప్రతి స్క్రిప్టూ కోడ్లు మింగి అజీర్తి చేసుకునేది. 2014లో గ్రెప్ 2.21తో ఆ వేరియబులుకి కాలం చెల్లిందని హెచ్చరించడం మొదలుపెట్టారు.

మన భాషలోనే చూడండి, "పచ్చ" అని ఊరుకుంటే కుదరదు. పచ్చకామెర్లలో పచ్చ వేరు, పచ్చగడ్డిలో పచ్చ వేరు. అవసరమైన చోట ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ఇంకో మాట కలుపుతాం. తెలుగువాళ్ళకి చూపు లేక కాదు కదా. కంపైలర్ల దగ్గర నాకు నచ్చేదీ ఇదే, జీసీసీ, క్లాంగ్ రెండూ ఎర్రర్ అనో వార్నింగ్ అనో మాటతో చెబుతాయి, కింద టోపీ గుర్తు పెట్టి చోటు చూపిస్తాయి. రస్టు అయితే ఈ0308 అంటూ నంబరు కూడా ఇస్తుంది. రంగు తీసేస్తే వీటిలో ఏమీ పోదు. గో కంపైలరు అసలు రంగుల జోలికే పోదు, బంగారం.

తీసెయ్యాలనుకునేవాళ్ళ కోసం, నోటితో చెప్పినట్టు రాస్తున్నాను. నో కలర్ (మధ్యలో అండర్‌స్కోరు) అనే వేరియబులు ఏదో ఒక విలువతో ఉంటే రంగులు వెయ్యొద్దని 2017లో ఒక ఒప్పందం లాంటిది మొదలైంది, చాలా టూల్సు వింటాయి, అన్నీ వినవు. జీసీసీకి సొంతంగా జీసీసీ కలర్స్ అనే వేరియబులుంది. దాన్ని ఖాళీగా సెట్ చేస్తే మేక్‌ఫైలులో ఎవరు ఆల్వేస్ అని రాసినా రంగు రాదు, ఇది మాత్రం వజ్రాయుధం. క్లాంగ్‌కి నో కలర్ డయాగ్నోస్టిక్స్ ఫ్లాగు. కార్గోకి కార్గో టర్మ్ కలర్ నెవర్. గ్రాడిల్‌కి కన్సోల్ ప్లెయిన్, మావెన్‌కి బ్యాచ్ మోడ్. గిట్‌కి కలర్ యూఐ ఫాల్స్. టర్మ్ వేరియబులుని డంబ్ అని పెడితే చాలా టూల్సు ఒకేసారి నోరు మూసుకుంటాయి గానీ విమ్ కూడా పాడవుతుంది, ఈగని చంపడానికి రోకలి ఎందుకు?

రంగులు ఇష్టమైనవాళ్ళు వాడుకోండి, నాకేం కుళ్ళు లేదు. వెయ్యి లైన్ల లాగులో మీ చూపు టక్కున ఆగుతుందంటే అది మంచి సదుపాయమే. నాకు ఒళ్ళు మండేది రంగొక్కటే ఉండి మాట లేనిచోట. యూరపు సంతతి మగవాళ్ళలో సుమారు 8 శాతం మందికి ఈ ఎరుపు-ఆకుపచ్చ ఇబ్బంది ఉంది, ఆడవాళ్ళలో అర శాతం దాకా. అంత అరుదేం కాదు. మా టీములోనే సొంతంగా రాసుకున్న టెస్టు టూలు ఒకటి, ఒక్కో టెస్టుకి ఒక్కో చుక్క పెట్టేది. ఆకుపచ్చ చుక్క పాస్, ఎర్ర చుక్క ఫెయిల్. మళ్ళీ చుక్కల పుస్తకమే! చుక్క బదులు పాసైతే పీ, ఫెయిలైతే ఎఫ్ అని వచ్చేలా నాలుగు లైన్లు మార్చి పంపాను. రివ్యూలో "చుక్కలే అందంగా ఉన్నాయి" అని ఒక కామెంటు వచ్చింది. పీలు చుక్కలుగానే ఉంచి ఎఫ్ ఒక్కటీ అక్షరంగా పెడితే ఒప్పుకున్నారు. నాక్కావలసిందీ అదే.

ఇంక మిగిలింది మా ఫ్లోరులో గోడకి వేలాడే పెద్ద టీవీ. ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో చదరం, బిల్డు బాగుంటే ఒక రంగు, పోతే ఇంకో రంగు. దాని మీద పేరు తప్ప ఇంకో అక్షరం లేదు. దానికి ఏ వేరియబులు సెట్ చెయ్యాలో నాకు తెలీదు, దాన్ని ఎవరు చూసుకుంటారో కూడా ఎవరూ చెప్పట్లేదు. రెండు మెయిళ్ళు పెట్టాను. ప్రస్తుతానికి పొద్దున్నే కాఫీకి వెళ్తూ పక్క సీటు అబ్బాయిని అడుగుతున్నాను, "మనది బాగానే ఉందా?" అని.