రెట్టింపు మోతాదు

బొగ్గు బాయిలో మీథేన్ 1.25 శాతం దాటిందంటే పని ఆపి మనుషుల్ని బయటికి పంపాల్సిందే. ఇంకాసేపు చూద్దామనే మాట అక్కడ చెల్లదు. సర్వీసంతా ఆ లెక్కకు కట్టుబడ్డ నేను, అంతర్గాం దగ్గరి మా పొలంలోకి పోతే మాత్రం లెక్కలన్నీ గట్టు మీదే వదిలేసేవాణ్ణి.

ఒక వానాకాలం సాంబ మసూరి వేశాను. అగ్గి తెగులుకు తొందరగా లొంగే రకమని తెలిసీ, చేను నల్లగా ఎదగాలని యూరియా దండిగా చల్లాను. నత్రజని ఎక్కువైన పైరుకు రాత్రి చలి, తెల్లవారి మంచు తోడైతే తెగులుకు ఇంకేం కావాలి? ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలు పడ్డాయి. అంచు గోధుమ రంగు, నడుమ బూడిద రంగు. సర్దుకుంటుందిలే అని వదిలేశాను. ఈనాక వెన్నుల మెడలు నల్లబడి విరిగితే అప్పుడు మందుల దుకాణానికి ఉరికాను.

ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి ఇచ్చారు. లీటరు నీటికి 0.6 గ్రాము చాలు. తెగులు ముదిరింది కదా అని రెట్టింపు కలిపాను. చేతికి తొడుగు లేదు, మూతికి రుమాలు లేదు. పక్క మడి రైతు అడగనే అడిగాడు, "అన్నా, మెడ విరిగినంక మందు కొడితే ఏమొస్తది?" అని. "డోసు డబుల్ ఏసిన తమ్మీ" అన్నాను గొప్పగా.

అది డోసుతో తేలే పని కాదని వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ) గారు చెప్పాకే బోధపడింది. శిలీంధ్ర బీజం ఆకు మీద మొలిచి, గుండ్రటి బుడిపెలా మారుతుంది. బుడిపె గోడకు మెలనిన్ అనే నల్లటి పొర ఏర్పడితేనే లోపల ఒత్తిడి పెరుగుతుంది. కారు టైరులో ఉండేదానికి 30 రెట్ల పైమాటే. ఆ బలంతోనే అది ఆకును పొడుచుకొని లోపలికి పోతుంది. ట్రైసైక్లజోల్ ఆ మెలనిన్ తయారు కానివ్వదు. అంటే తెగులును లోపలికి రాకుండా ఆపుతుందే తప్ప, మెడలో చేరినదాన్ని చంపదు. ఎంత కలిపినా అంతే.

నష్టం తాలు గింజలతో ఆగలేదు. ఈ మందు కొట్టాక కోతకు 30 రోజుల గడువుండాలి. నా చేను అంతకు ముందే కోతకొచ్చింది. బియ్యంలో ఈ మందు అవశేషం కిలోకు 1 మిల్లీగ్రాము దాకా ఒప్పుకున్న ఐరోపా సమాఖ్య, 2017లో తెచ్చిన నిబంధనతో దాన్ని 0.01కు దించింది. మన బాస్మతి ఎగుమతిదారులకు అది పెద్ద తలనొప్పి అయింది. మా వడ్లను ఎవరూ పరీక్షించలేదు. ఆ బియ్యం తిన్నది మా ఇంటివాళ్లే.

ఇప్పుడు యూరియా దఫాలుగా వేస్తున్నాను. మచ్చ కనపడగానే ఆకు కోసి ఏఈఓకు చూపిస్తున్నాను. మందు అవసరమైతే ఈనక ముందే, లేబుల్ మీదున్న మోతాదులోనే కొడతాను. ఒకే మందుకు తెగులు అలవాటు పడకుండా మధ్యలో కాసుగామైసిన్ లాంటిది మారుస్తాను. కోతకు నెలలోపు మెడ విరుపు కనపడితే మాత్రం పంపు ముట్టను. పోయే గింజ అప్పటికే పోయింది. మిగిలినదైనా తినేలా ఉండాలి కదా!