జీవుల ఇల్లు



మా కొండాపూర్ సంఘంలో ఎక్కువమంది పల్లెల నుంచి పనికోసం వచ్చినవాళ్ళే. పోయిన నెల ఒక ముసలితల్లి ప్రభువు దగ్గరికి వెళ్ళింది. ఇక్కడ సమాధుల తోటలో చోటు దొరక్క, రాత్రికి రాత్రే అంబులెన్సులో ఆమెను సొంతూరికి తీసుకెళ్ళాం. దారిలో ఆమె కొడుకు అడిగాడు: "అయ్యగారూ, మీ నాయన సమాధి ఎక్కడుందండీ?" ఊళ్ళోనే అన్నాను. అక్కడికి వెళ్ళి నాలుగేళ్ళయిందని మాత్రం చెప్పలేకపోయాను.

అప్పుడు నాకు చెన్నైలో చూసిన యూదుల శ్మశానం గుర్తొచ్చింది. దాని కథ మన పక్కనున్న గోల్కొండతో మొదలవుతుంది. గోల్కొండ వజ్రాల వ్యాపారం కోసం 17వ శతాబ్దంలో కొందరు యూదులు మద్రాసులో స్థిరపడ్డారు. వారిలో జాక్ డి పైవా 1687లో చనిపోయాడు. గోల్కొండ ఔరంగజేబు వశమైందీ ఆ ఏడే. ఆయన్ని పెద్దనాయకన్‌పేటలోని యూదుల శ్మశానంలో పాతిపెట్టారు. తర్వాత ఆ స్థలం వేరే అవసరాలకు పోయింది. అక్కడి పాత రాళ్ళు చోట్లు మారి, చివరికి 1983లో లాయిడ్స్ రోడ్డుకు చేరాయి. ఆ కుటుంబాలు ఇప్పుడు ఆ ఊళ్ళో దాదాపు లేవు. ఎవరో పట్టించుకున్నారు కాబట్టి రాళ్ళు మిగిలాయి.

కేరళలోని చేందమంగలం పల్లెలో సారా అనే యూదు స్త్రీ సమాధిరాయి ఉంది. అది 1269 నాటిది.

సారా అంటే మనకు అబ్రాహాము భార్య గుర్తొస్తుంది. ఆదికాండం 23వ అధ్యాయం చదవండి. కనాను దేశమంతా వాగ్దానంగా పొందినవాడు, భార్యను పాతిపెట్టడానికి నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చి మక్పేలా గుహ కొన్నాడు. ఊరికే ఇస్తామన్నా తీసుకోలేదు.

యూదులు శ్మశానాన్ని 'బేత్ హయ్యీమ్' అంటారు. జీవుల ఇల్లు అని అర్థం. సమాధి చూడడానికి వెళ్ళినవాళ్ళు దానిమీద చిన్న రాయి పెట్టి వస్తారు. పునరుత్థానం గురించి ప్రతి ఆదివారం ప్రసంగించే నేను, "మన్ను మన్నులో కలుస్తుంది కదా" అనుకుంటూ నా బద్ధకానికి వాక్యాన్ని అడ్డుపెట్టుకున్నాను.

మొన్న శనివారం కొడవలి పట్టుకుని మా ఊరు వెళ్ళాను. తుమ్మకంప కొట్టి, రాయి కడిగేసరికి నాయన పేరులో మొదటి రెండక్షరాలు కనిపించాయి. మిగతావి అరిగిపోయాయి. పక్కన ఇంకో మూడు సమాధులున్నాయి. అవి ఎవరివో చెప్పగలిగింది ఊళ్ళో ఒక్క ముసలాయనే. ఆయన చెప్పిన పేర్లు నోటుబుక్కులో రాసుకున్నాను.

ప్రియులారా, మీ ఊళ్ళో ఆ పేర్లు తెలిసిన మనిషి ఉండగానే ఒకసారి వెళ్ళి రాసుకోండి.

ప్రభువా, నీవు మరువని వారిని మేము మరువకుండా కాపాడు. ఆమేన్.