ఆ ఒక్క రక్తపు బొట్టు

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురమని పేరు పెట్టినప్పుడు ఢిల్లీలో చర్చ అంతా చరిత్ర మీదనే సాగింది. నాకు మాత్రం ఉత్తరాంధ్ర మత్స్యకారులు స్థిరపడిన జంగ్లీఘాట్ గుర్తుకు వచ్చింది. వలకు కట్టే సీసపు గుళ్ళను ఇంటి ముంగిట్లోనే కరిగించి పోస్తే, ఆ పొడి మొదట చేరేది నేలమీద పాకే బిడ్డ నోటికే. సీసం పసి మెదడును దెబ్బతీస్తుంది. ఆ నష్టం పూడేది కాదు.

పెట్రోలులో సీసాన్ని 2000లో మానుకున్నాము. ఇంటి రంగుల్లో 90 పీపీఎం పరిమితి 2017 నవంబరు నుండి అమలులో ఉన్నది. వలగుళ్ళ మాట ఆ నిబంధనల్లో లేదు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ దీవుల్లోనూ పసివారి రక్తపు బొట్టు తీసి రక్తహీనతను కొలిచింది, సీసాన్ని కొలవలేదు. ఇనుము కొరవడిన దేహమే సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది కదా! దీవులకు శాసనసభ లేదు. ఉన్న ఒక్క లోక్‌సభ సభ్యుడే ఈ రెండవ పరీక్షను ఆరోగ్యశాఖను అడగవలసి ఉంటుంది.