చలి కబుర్లు: డబ్బా వెనక్కి తిప్పండి

ధనుర్మాసం వచ్చేసింది. వాకిట్లో గొబ్బెమ్మలు, గుళ్ళో వేడివేడి పొంగలి, స్నానాలగదిలో పేరుకున్న కొబ్బరినూనె సీసా. పాడైందని పారేయకండి. 24 డిగ్రీలకు దిగితే అది గడ్డకట్టడం సహజం, కాసేపు ఎండలో పెడితే మళ్ళీ కరుగుతుంది.

చేతిమీద గోటితో గీస్తే తెల్లటి గీత పడుతోందా? గాలిలో తేమ తగ్గింది, పైగా పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటున్నాం. ఆ వేడీ, సబ్బూ కలిసి ఒంటిమీది సహజమైన జిడ్డునంతా కడిగేస్తాయి. గోరువెచ్చని నీళ్ళు చాలు.

సబ్బు కొనేటప్పుడు అట్టమీద టీఎఫ్ఎం అంకె చూడండి. సబ్బులో కొవ్వు పదార్థం ఎంతుందో చెప్పేది అదే. మన ప్రమాణాల ప్రకారం 76 శాతం, ఆపైన ఉంటేనే మొదటి గ్రేడు. అలాగని ఆ సబ్బుతో ఒళ్ళు పగలదని కాదు, ఏ సబ్బయినా క్షారమే. బాగా పొడిబారే ఒళ్ళయితే చంకలకూ పాదాలకూ రుద్దుకుని, చేతులూ కాళ్ళూ ఉత్త నీళ్ళతో కడుక్కోండి.

ఇక క్రీములు. డబ్బా ముందు బాదంపప్పు, కుంకుమపువ్వు బొమ్మలుంటాయి. వెనక్కి తిప్పండి. ఎక్కువ వేసినవి ముందు, తక్కువ వేసినవి చివర రాస్తారు. బొమ్మలోని కుంకుమపువ్వు ఎక్కడో చివర కనిపిస్తుంది. నేను వెతికేది గ్లిజరిన్ ముందు వరుసలో ఉందా అని. అది తేమను పట్టి ఉంచుతుంది. పెట్రోలియం జెల్లీ ఆ తేమను బయటికి పోనివ్వదు. రెండూ చవకే. తువ్వాలుతో అద్దుకుని, ఒళ్ళు ఇంకా తడిగా ఉండగానే రాసుకుంటే పనిచేస్తాయి. మడమలు పగిలితే యూరియా ఉన్న క్రీము మేలు.

భోగికి సున్నిపిండి పట్టిస్తున్నారా? అందులో బావంచాలు వేస్తే ఒక జాగ్రత్త. వాటిలోని సోరాలెన్ వల్ల చర్మం ఎండకు తొందరగా కందిపోతుంది. పసిపిల్లల నలుగుపిండిలో అవి మానేసి, పెసలూ సెనగలూ ఆడించుకుంటే చాలు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. మాఘంలో పెళ్ళి పెట్టుకున్న అమ్మాయిలు మందుల షాపులో రంగు తెచ్చే క్రీము అడిగి కొనుక్కుంటున్నారు. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అన్న పేర్లుంటే అది స్టీరాయిడ్ మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది. మొదట్లో మొహం మెరుస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి ఎర్రబారుతుంది, మొటిమలు లేస్తాయి, అవాంఛిత రోమాలూ వస్తాయి. ఒక్కసారిగా మానేసినా మంట రేగుతుంది.

ఇవాళే మీ ఇంట్లో ఉన్న ట్యూబులు తీసి చూడండి. ఈ మూడింటిలో ఏ పేరు కనిపించినా, పండక్కి ముందే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి.